సక్రి పెద్దమ్మ ఏడవని పిల్ల

మా సక్రి పెద్దమ్మ ఏడుపుకు ములకలపల్లి చుట్టుపక్కల తండాల్లో ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. పెళ్లికి డీజే వాడు ఆలస్యమైనా సర్దుకుంటారు గాని, ఆమె రానిదే పెళ్లికూతురిని అత్తారింటికి సాగనంపరు. మా లంబాడీల్లో ఆడవాళ్లు చాలాకాలానికి కలిసినా, విడిపోతున్నా ఒకరినొకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. దాన్ని ఢావ్లో అంటాం. ఊరికే ఏడిస్తే ఢావ్లో కాదు. ముందు ఎదుటి మనిషిని వరసపెట్టి పిలవాలి. తన కష్టం చెప్పుకోవాలి, వాళ్ల కష్టం అడగాలి, మధ్యలో పోయినవాళ్లను తలుచుకోవాలి. అంతా అయ్యాక కొంగుతో ఒకరి ముక్కు ఒకరు తుడిచి టీ తాగాలి.

పెద్దమ్మ పుట్టింటివాళ్లు బానోత్‌లు, మెట్టింటివాళ్లు భూక్యాలు. రెండు ఇంటిపేర్లలో ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎవరు ఎవరితో ఎందుకు మాట మానేశారో ఆమెకు కంఠతా వచ్చు. ఈమధ్య పెళ్లికూతుళ్లతోనే పడటం లేదు. డిగ్రీలు చదివిన పిల్లలు, ఖమ్మం నుంచి బ్యూటీషియన్‌ను పిలిపించుకుంటున్నారు. ఏడిస్తే ముఖం మీద వేసిందంతా పోతుందని భయం. పోయిన ఏడాది ఒక పెళ్లిలో బ్యూటీషియన్ టిష్యూ పేపర్లు పట్టుకుని పెళ్లికూతురికి అడ్డంగా నిలబడింది. పెద్దమ్మ మొదట ఆ బ్యూటీషియన్‌నే వాటేసుకుని రాగం ఎత్తుకుంది. కాసేపట్లో ఆ అమ్మాయి కాటుకంతా మెడ మీదికి దిగింది. ఆ తర్వాత పెళ్లికూతురు తనంతట తనే ముందుకొచ్చింది.

నా పేరు కవిత. పెద్దమ్మ మా నాన్న అన్నగారి భార్య. నేను ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతాను. నోట్లో తండా యాస బయటపడకుండా స్టాఫ్ రూమ్‌లో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నాను. అలాంటి నా దగ్గరికి ఒక ఎండాకాలం డెన్మార్క్ నుంచి ఒక అమ్మాయి వచ్చి, తను తండాలో పుట్టిన మనిషినని, తండాకు తీసుకెళ్లమని అడిగింది. ఆమె దిగిన హోటల్లో పనిచేసే కుర్రాడు నా దగ్గర చదువుకున్నవాడే, వాడు పంపాడు. నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది. నేను దాచుకోలేక చస్తున్నదాన్ని ఈమె విమానం టికెట్ కొనుక్కుని వెతుక్కుంటూ వచ్చింది.

ఆమె పేరు సోఫీ. ఇరవై ఏడేళ్లు ఉంటాయి. రంగు, రూపు, నడక అన్నీ మా తండా పిల్లవే, నోరు తెరిస్తే మాత్రం డెన్మార్క్. నెలల పిల్లగా ఉన్నప్పుడు ఏదో హోం ద్వారా దత్తత పోయింది. ములకలపల్లి దగ్గరి తండా అన్నంత వరకే తెలుసు. ఆ రోజుల్లో వరసగా ఆడపిల్లలు పుట్టిన ఇళ్లను వెతుక్కుంటూ జీపులు వచ్చేవి. జీపులో వచ్చినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు, పిల్లను ఇచ్చిన తల్లికి మాత్రం పేరు పడేది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే. ఆ కోపంతోనే సెలవు పెట్టి ఆమెను తీసుకుని బయల్దేరాను.

పెద్దమ్మ కొడుకు కోటేష్ ఆటో తోలతాడు. ముప్పై దాటినా పెళ్లి కాలేదు. వాడే బస్టాండు నుంచి మమ్మల్ని తండాకు తీసుకెళ్లాడు. సోఫీ వస్తూ వస్తూ లంబాడీలో ఒక్క మాట నేర్చుకుని వచ్చింది, యాడీ అని. అమ్మ అని అర్థం. దారిపొడవునా దాన్నే గొణుక్కుంటూ కూర్చుంది.

సోఫీ సంగతి నేను ముందే ఫోన్లో చెప్పాను. తండాలో ఆటో ఆగీ ఆగగానే మా పక్కింటి చిన్నక్క పరుగున వచ్చి సోఫీని పట్టుకుని ఢావ్లో ఎత్తుకుంది. ఎప్పుడో పోయిన పిల్ల తిరిగి వచ్చిందంటే తండా మర్యాద అది. సోఫీకి ఈ మర్యాద సంగతి నేను చెప్పలేదు, చెప్పాలని తట్టలేదు కూడా. ఆ పిల్ల యాడీ అని ఒక్క కేక పెట్టి, చిన్నక్కను విడవకుండా పట్టుకుని బావురుమంది. చిన్నక్కకు ఊపిరాడలేదు. ఆమె విడిపించుకునేలోపు ఇంకొకావిడ వచ్చి పట్టుకుంది. ఆమెను కూడా సోఫీ కొంచెం తటపటాయిస్తూనే యాడీ అంది. మూడో ఆవిడ పట్టుకునేసరికి సోఫీకి అనుమానం వచ్చింది. ఐదో ఆవిడ దాకా వచ్చేసరికి, నా వైపు తిరిగి, వీళ్లలో మా అమ్మ ఎవరని ఇంగ్లిష్‌లో అడిగింది.

ఎవరూ కాదని, అది మా పలకరింపని చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది. అయితే వీళ్లంతా నటించారా అంది. నేను తెలివితక్కువగా ఆ మాటను ఉన్నదున్నట్టు తర్జుమా చేశాను. ఆడవాళ్లు నొచ్చుకున్నారు. ఆ గుంపులో ఏడవకుండా దూరంగా కూర్చుని తమలపాకు నములుతున్నది సక్రి పెద్దమ్మ ఒక్కతే. ఇంత ఏడ్చే మనిషి ఎందుకు ఏడవలేదని అందరూ అడిగారు. మా ఇంటి మాట లంబాడీ అయినా ఆమె చెప్పింది మా పక్క తెలుగులోనే రాస్తున్నాను.

"ఏమని పిల్వాలె? బిడ్డా అనాల్నా, కోడలా అనాల్నా? వరస తెల్వకుండ ఎత్తుకుంటే అది ఢావ్లో కాదు, మైకు టెస్టింగు" అంది.

తర్వాత సోఫీ వైపు చూసి, నాకు చెప్పమన్నట్టు చెయ్యి ఊపింది. "బర్రె ఊకెనే పాలియ్యదు. దూడను ఇడిసినంకనే చేపుతది. రాగం గూడ దూడ లెక్కనే. చిన్నక్క నిన్ను పట్టుకొని ఏడ్సింది పోయినేడు సచ్చిన కొడుకు కోసం. అది దొంగేడ్పు ఎట్లయితది?"

సోఫీ చిన్నక్క దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నుంచి పెద్దమ్మను వదల్లేదు. తండా మొత్తంలో తనకు అబద్ధం చెప్పనిది ఆమె ఒక్కతేనని ఆ పిల్ల లెక్క.

మర్నాడు తండా నాయక్ బిచ్యా పంచాయితీ పెట్టాడు. ఆయన రిటైరైన ఆర్టీసీ కండక్టర్. మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి టికెట్ అడిగినట్టే అభిప్రాయం అడుగుతాడు. తగువు ఏమిటంటే, ఈ పిల్ల ఇంటిపేరు తెలిస్తే గాని ఆమెతో ఎవరు ఎలా మాట్లాడాలో తెలియదు. మాలో ఒకే ఇంటిపేరువాళ్లు అన్నాచెల్లెళ్లు. వేరే ఇంటిపేరైతే బావా మరదళ్లు, ఎంతైనా ఆటపట్టించుకోవచ్చు. అందుకని భూక్యాల కుర్రాళ్లంతా ఆమె కచ్చితంగా బానోత్ అన్నారు. బానోత్‌ల కుర్రాళ్లు ఆ ముక్కు భూక్యాల ముక్కేనని ఒట్టేశారు. ఆడవాళ్లది తిరగేసిన వాదన, ఇటువాళ్లు మా పిల్ల అంటే అటువాళ్లు మా పిల్ల అన్నారు. కేకలు చెట్లదాకా వెళ్లాయి.

సోఫీ భయపడి ఏం జరుగుతోందని అడిగింది. నువ్వు ఎవరన్నదాని మీద కొట్టుకుంటున్నారని చెప్పాను. ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. డెన్మార్క్‌లో అందరూ నువ్వెక్కడి దానివని అడుగుతారట గాని, మా దానివని ఎవరూ దెబ్బలాడలేదట. ఇంకాసేపు కొట్టుకోమని చెప్పవా అంది.

చివరికి, ఇంటిపేరు తేలేదాకా ఆమె తండాలోని మగపిల్లలందరికీ చెల్లెలేనని బిచ్యా తీర్పు చెప్పాడు. అందరికన్నా దెబ్బ తగిలింది కోటేష్‌కే, రోజూ ఆటోలో తిప్పేది వాడు గనక. ఆటోలో ప్రేమ పాటలు పెట్టొద్దని పెద్దమ్మ ఆంక్ష పెట్టింది. రేపు వాడి చెల్లెలని తేలితే చేసిన పాపం ఎక్కడ కడుక్కుంటాడని ఆమె వాదన. వాడు భద్రాచలం రామయ్య భజనలు పెట్టుకుని, అద్దంలో తన ముఖం తనే చూసుకుంటూ ఆటో నడిపాడు.

తండా తండా తిరిగాం. ఎక్కడ అడిగినా మా దగ్గర అలాంటిదేం జరగలేదని, పక్క తండాలో జరిగి ఉంటుందని చెప్పారు. పక్క తండావాళ్లు మళ్లీ మా తండాను చూపించారు. సోఫీ రోజురోజుకూ డీలా పడింది. ఉట్టి చేతులతో వెనక్కి పోతే ఇక ఈ జన్మలో అడగనని, అడగడానికి కూడా ధైర్యం చాలదని ఒక సాయంత్రం నాతో అంది. అప్పటికి ఆమె మీద నా చిరాకంతా ఎటో పోయింది. పోయినవాళ్లను వెతకడం నాకు రాదు, తెలిసిన విద్య గ్రామర్ ఒక్కటే. పెద్దమ్మనే ఏదైనా చెయ్యమని అడిగాను.

పెద్దమ్మ ఆలోచించి, "మామూలు మాటల్ల ఆడది అబద్ధం ఆడ్తది. ఢావ్లోల ఆడలేదు, రాగం తెగుతది. ఈ పిల్లను పెండ్లిళ్లకు తోల్కపోదాం" అంది.

అలా పెళ్లికూతుళ్లకు నేర్పినట్టే సోఫీకి ఢావ్లో నేర్పడం మొదలుపెట్టింది. పాఠం చిన్నదే. నేను వచ్చాను, బాగా పెరిగాను, పెంచినవాళ్లు మంచివాళ్లు, కడుపునిండా తిన్నాను, నువ్వు బాగున్నావా. మొదట్లో వరసపెట్టి పిలిచే చోట మాత్రం ఏమీ అనకుండా ఉత్త రాగం తియ్యమంది. యాడీ అన్న మాట వాడొద్దని గట్టిగా చెప్పింది. సోఫీ రాగం ఎత్తుకుంటే మొదటి మూడు రోజులు కోళ్లు చెదిరిపోయాయి. తర్వాత అలవాటు పడ్డాయి.

పెళ్లిళ్ల కాలం కావడంతో మాకు తీరిక లేకుండా పోయింది. ప్రతి పెళ్లిలో పెద్దమ్మ మొదలుపెడుతుంది, సోఫీ కూర్చుంటుంది, ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పట్టుకుని ఏడుస్తారు. ఎన్ని బయటికి వచ్చాయో. అమ్మేసిన బర్రె, చెవుడు నటించే అత్త, రాత్రంతా ఫోన్ చూసే కోడలు. ఒకావిడ తన మొగుడి రెండో సంసారం సంగతి రాగంలో పెట్టేసింది. ఆమె మరిది పక్కనే వడ్డిస్తున్నాడు. పప్పు బకెట్ అక్కడే పెట్టి అన్న కోసం పరుగెత్తాడు. సోఫీకి భుజాలు పట్టేశాయి గాని పని బాగా వచ్చింది. ఎవరు పట్టుకున్నా వీపు తట్టడం, సమయానికి తలూపడం, తన నాలుగు ముక్కలు అప్పజెప్పడం. డెన్మార్క్ పిల్ల ఢావ్లో పాడుతోందని వీడియోలు ఫోన్లలో తిరిగాయి. మేం కనుక్కోవలసింది మాత్రం ఎవరి నోటా రాలేదు.

బూర్గంపాడు దగ్గర ఒక తండాలో పెళ్లి అది. రెండు రోజుల్లో సోఫీ తిరుగు ప్రయాణం. భోజనాలైపోయి, ఐస్‌క్రీమ్ డబ్బా దగ్గర జనం మూగారు. అప్పుడు ఒకావిడ వెనక వరసలోంచి లేచి వచ్చింది. పేరు హేమ్లి. బానోత్ పూల్‌సింగ్ భార్య. ఆమె సోఫీని పట్టుకుని, బిడ్డా అని ఎత్తుకుంది. అందరూ అలాగే అంటారు గనక ఎవరూ తల తిప్పలేదు.

తన మూడో ఆడపిల్ల పుట్టిందీ పోయిందీ వానాకాలంలోనే అని, ఉంటే నీ ఈడుదే అయ్యేదని పాడింది. హేమ్లి మూడో పిల్ల పురిట్లోనే చనిపోయిందని అందరికీ తెలిసిందే, ముసలివాళ్లు జాలిగా నాలుక చప్పరించారు. నా కన్నా పాలున్న ఇంటికి పోయినవు, నా గడప తొక్కలేవు అంది. నాకెవరున్నరు, సంతనాడు సెల్ టవర్ కింద చింతపండు పోసుకుని ఒక్కదాన్నే కూసుంటా, నా దగ్గరికి ఎవరొస్తరు అంది. ఎండలో సంతకు పోయే బతుకు కష్టమేనని పక్కనున్నవాళ్లు తలూపారు.

సోఫీ మర్యాదగా వీపు తట్టింది. తన వంతు రాగానే నేను వచ్చాను, బాగా పెరిగాను, పెంచినవాళ్లు మంచివాళ్లు, కడుపునిండా తిన్నాను అని పాడింది. పాడుతూనే ఓరకంట ఐస్‌క్రీమ్ డబ్బా వైపు చూసింది. హేమ్లి రాగం ఆపేసి, మామూలు గొంతుతో, "మళ్ల చెప్పు" అంది. తప్పు పలికాననుకుని సోఫీ నా వైపు చూసింది. చెప్పమన్నాను. ఈసారి ఒక్కో మాట విడమరిచి చెప్పింది. హేమ్లి చివరి మాట దాకా విని, కొంగుతో ఆ పిల్ల ముక్కు తుడిచింది. బయట పూల్‌సింగ్ బండి హారన్ కొడుతున్నాడు. ఆమె వెళ్లిపోయింది.

తిరిగి వస్తూ ఆటోలో సోఫీ, చివరి ఆవిడ మరీ గట్టిగా పట్టుకుంది, భుజం విరిగిపోయిందని నవ్వింది. పెద్దమ్మ తండా దాటాక నాకు చెప్పింది. సచ్చినోళ్ల మీద ఢావ్లో ఎత్తుకుంటే ఎక్కడ మట్టి చేసిందీ చెప్పకుండా ఎవరూ దాటరట. హేమ్లి ఆ చోటు చెప్పలేదు. అయినా రాగం ఎక్కడా తెగలేదు, అంటే పాడిందంతా నిజమే. ఆ పిల్లను మట్టి చెయ్యలేదు, బతికుందన్నమాట. సంతలో టవర్ కింద ఉంటానన్నది ఎవరికో అర్థమైందా అని అడిగింది.

నేను సోఫీకి చెప్పాను. ఎన్నో ఏళ్లుగా ఇంగ్లిష్ చెప్పి బతుకుతున్నాను గాని, ఆ నాలుగు మాటల్లో గ్రామర్ అంతా తప్పింది. ఆ పిల్ల ఆటో ఆపమంది. వెనక్కి తిప్పమంది. పెద్దమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"మొగనికి, అల్లుండ్లకు, ఊరందరికి ఆ పిల్ల సచ్చింది. మళ్ల బతికిచ్చుకునేది హేమ్లి. మనం కాదు" అంది.

సోఫీ కూర్చుండిపోయింది. నేను ఆమె వీపు తట్టానే అని పదేపదే అంది. ఐస్‌క్రీమ్ వైపు చూశానే అంది. ముందు అందరినీ నిజం అనుకుని, నిజమైనదాన్ని మర్యాద అనుకున్నానని ఆ పిల్ల ఏడ్చింది, ఆ ఏడుపులో రాగం లేదు. టికెట్ మార్చుకుంది.

సంతనాడు పెద్దమ్మ ఆటో దిగలేదు. తనను చూస్తే నలుగురూ వచ్చి కూడతారని రోడ్డు మీదే ఆగిపోయింది. నేను ఉల్లిపాయల కుప్ప దగ్గర బేరమాడుతున్నట్టు నిలబడ్డాను. సోఫీ టవర్ కిందికి వెళ్లి చింతపండు గంప ముందు ఆగింది. హేమ్లి తల ఎత్తి చూసింది. ఏడవలేదు. పక్కన గోనెసంచి మడత విప్పి, చేత్తో దులిపింది. సోఫీ దాని మీద కూర్చుంది. ఇద్దరికీ ఒక్క భాష లేదు. ఇద్దరూ చింతపండు వైపు చూస్తూ కూర్చున్నారు.

తండా మనిషి కాని ఒక పెద్దాయన సంచి పట్టుకుని వచ్చాడు. కొంచెం చింతపండు నోట్లో వేసుకుని, "ఎవరీ పిల్ల? పట్నం పిల్ల లెక్కున్నది" అన్నాడు.

"నా బిడ్డ. మూడోది" అంది హేమ్లి, తక్కెడ సరిచేసుకుంటూ.

"అయితే జోకేది ఆమెకియ్యి. నీ చెయ్యి తక్కువ జోకుతది" అన్నాడాయన. ఆయనకు అంతకన్నా విశేషం ఏమీ కనిపించలేదు.

హేమ్లి తక్కెడ సోఫీ చేతికి ఇచ్చింది. డెన్మార్క్ పిల్ల తక్కెడ పట్టి, కిలోకు కిలోన్నర పోసింది. హేమ్లి చేతి మీద ఒక్కటి అంటించి, చడామడా తిట్టింది. ఏమంటోందని సోఫీ నా వైపు చూసింది. తిడుతోందని సైగ చేశాను. ఆ పిల్ల ముఖం విప్పారింది. నేను ఉల్లిపాయల్లోకి తల దించుకున్నాను.

ఆటో దగ్గరికి వచ్చి జరిగింది చెప్పాను. బానోత్‌ల పిల్ల అంటే పెద్దమ్మకు పుట్టింటి వరసన అన్న కూతురు. మేనకోడలు. అప్పటిదాకా ఆగిన ఢావ్లో అంతా ఒక్కసారి ఆమె గొంతులోకి వచ్చింది. నోరు తెరిచింది. కోటేష్ గబుక్కున మోకాలి మీద తట్టి సంతలోకి చూపించాడు, సంత నిండా బానోత్‌లే, వింటే పూల్‌సింగ్ దాకా పోతుంది. ఆమె కొంగు మొత్తం నోట్లో కుక్కుకుంది. ఊళ్లో ఎవరి పిల్ల సాగిపోయినా ఆగనిది, తన మేనకోడలి కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంది. బండి తోలమని వాడి వీపు మీద గుద్దింది.

అడవిలోకి వచ్చాక ఆపమంది. దిగి, టేకు చెట్ల మధ్యకు వెళ్లి, ఓ నా కోడలా అని ఎత్తుకుంది. అంత ఢావ్లో నేను ఎన్నడూ వినలేదు. ఎప్పుడు పుట్టినవు, ఎవరు ఎత్తుకున్నరు, అత్తను నేనుండి నీకు ఒక్క కాటుక బొట్టు పెట్టలేకపోతిని అని చెట్టు చెట్టునూ పట్టుకుని ఏడ్చింది. నేను కూడా వెళ్లి ఆమె భుజం పట్టుకున్నాను. దాచుకున్న నా యాస ఎప్పుడు బయటపడిందో నాకు తెలియదు.

బండి మీద పోతున్న ఫారెస్టు గార్డు ఒకాయన ఆ ఏడుపు విని ఆగాడు. టోపీ తీసి, ఎవరు పోయారని కోటేష్‌ను మెల్లగా అడిగాడు.

"ఎవరు పోలే సార్" అన్నాడు కోటేష్, కళ్లు తుడుచుకుంటూ. "మా మరదలొచ్చింది."